మందు సీసా వెనక మనిషి



2025 అక్టోబరు మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే మా కోడలు చేతిలో పేపరుతో వంటింట్లోకి వచ్చింది. "అత్తయ్యా, మొన్న బాబుకి వేసిన దగ్గుమందు సీసా ఎక్కడ పెట్టారు?" అంది. పిల్ల మొహం పాలిపోయి వుంది. మధ్యప్రదేశ్‌లో చింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి చనిపోతున్నారన్న వార్త అది. ఆ మందు పేరు వేశారు, దాని బ్యాచ్ నంబరు వేశారు.

అలమార పై అరలోంచి సీసా తీశాను. మాది ఆ మందు కాదు, పేరు వేరు. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాం. కాని కోడలు అంతటితో వదల్లేదు. "ఇది మంచిదని మాత్రం ఎలా తెలుస్తుంది? దీని నంబరు చూడండి" అంది. నంబరు ఎక్కడుంది? మందు ఒలికి, చెంచా జిడ్డు తగిలి, లేబులు కింది అంచు నల్లగా అట్టకట్టి పోయింది. బిల్లు వుందా అంటే అదీ లేదు. షాపులో కుర్రాడు ఇవ్వలేదు, నేను అడగలేదు. రెండు షాపుల్లో ఏ షాపులో కొన్నామో కూడా మాకు సరిగ్గా గుర్తు రాలేదు.

సీసా పారేశాం. బాబుకేమీ కాలేదు, హాయిగా తిరుగుతున్నాడు. కాని ఆవేళ కోడలు అడిగిన మాట నా మనసులో నిలిచిపోయింది. "అత్తయ్యా, కూరగాయలైతే చేత్తో పట్టుకు చూస్తాం. బియ్యమైతే చెరిగి చూస్తాం. మందు ఎలా చూస్తాం? దీన్ని చూసేవాళ్లంటూ ఎవరైనా వున్నారా?"

వున్నారు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు అనే వుద్యోగి వున్నాడు. ఆయన ఎలా వచ్చాడు, ఏం చేస్తాడు, ఆయన చేతిలో ఏముంది, ఏం లేదు అనే కథ ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను. కథలో మన పాత్ర కూడా కొంచెం వుంది. అది చివర్లో చెబుతాను.

మా చిన్నతనంలో మందంటే డాక్టరుగారి గదిపక్కన కాంపౌండరుగారు కలిపి ఇచ్చేదే. నా యీడువాళ్లకి గుర్తుండే వుంటుంది. ఖాళీ సీసా ఇంటినుంచే కడిగి పట్టుకెళ్లాలి. ఆయన పెద్ద జాడీల్లోంచి ఇంత అదీ, ఇంత ఇదీ పోసి, నీళ్లు కలిపి, బిరడా బిగించి ఇచ్చేవారు. పొట్టలో నొప్పికి గులాబీరంగు మిక్చరు. ఇంకో జబ్బుకి తెల్ల మిక్చరు. సీసా పక్కన ఒక సన్నటి కాగితపు పట్టీ, డోసుకొక గాటు చొప్పున కత్తిరించి, జిగురు పెట్టి అతికించేవారు. మా అమ్మ వేలు పెట్టి ఆ గాట్లు లెక్కపెట్టి మందు పోసేది. ఆ సీసా మీద కంపెనీ పేరు లేదు, తేదీ లేదు, నంబరు లేదు. అయినా మా అమ్మకి భయం లేదు. ఎందుకంటే కలిపిన మనిషి తెలుసు. మందు పడకపోతే సాయంత్రం వెళ్లి ఆయన్నే అడిగేది.

ఇప్పుడు మన ఇంట్లో వున్న సీసా ఎక్కడో ఏడెనిమిది వందల మైళ్ల అవతల ఫ్యాక్టరీలో తయారవుతుంది. అక్కడినుంచి పెద్ద డీలరు, ఆయన నుంచి చిన్న డీలరు, ఆయన నుంచి మన వీధి షాపు. ఇన్ని చేతులు మారి వచ్చిన సీసాకి బాధ్యుడెవరో మనకి కనబడడు. కలిపే మనిషికీ, తాగే మనిషికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ, ఆ దూరంలో నిలబడి మన తరఫున చూసే మనిషి ఒకడు కావలసి వచ్చాడు.

మన దేశంలో ఆ అవసరం ముందుగా బయటపడింది క్వినైను విషయంలో. మన్యం జ్వరమని మనవాళ్లు భయపడిన మలేరియాకి ఆ రోజుల్లో చెప్పుకోదగ్గ మందు అదొక్కటే. సింకోనా చెట్టు బెరడు నుంచి తీస్తారు. బెంగాలులో 1892 నుంచి పోస్టాఫీసుల్లో కూడా చిన్న పొట్లాలు కట్టి అమ్మారు. గిరాకీ ఎక్కువ, సరుకు ప్రియం. అలాంటి చోట కల్తీ రాక మానుతుందా? చేదుగా వుంటే చాలు, క్వినైనే అని నమ్మే రోగికి, అందులో అసలు మందు ఎంత పాలుందో తెలుసుకునే దారి లేదు. జ్వరం తగ్గకపోతే తలరాత అనుకునేవారు.

అప్పటికి నల్లమందుకీ విషాలకీ విడివిడిగా చట్టాలున్నాయి. కాని మామూలు మందు నాణ్యంగా వుండాలని దేశమంతటికీ చెప్పే చట్టం లేదు. పరదేశాల నుంచి ఓడల్లో దిగే సరుకుని అడిగేవాళ్లు లేరు. మందుల కొట్టు పెట్టడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఆందోళన పెరగ్గా పెరగ్గా 1930 ఆగస్టులో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ప్రొఫెసరుగా వున్న కల్నల్ రామ్‌నాథ్ చోప్రాగారు దానికి అధ్యక్షులు. 1931లో నివేదిక ఇచ్చారు. మందుల తయారీకీ అమ్మకానికీ దేశమంతటా ఒకే చట్టం కావాలన్నారు, పరీక్షించడానికి ప్రయోగశాలలు కావాలన్నారు, మందులిచ్చేవాళ్లకి చదువూ రిజిస్ట్రేషనూ వుండాలన్నారు.

మంచి సలహాలే. కాని నివేదికలకి మన దేశంలో పట్టే గతి పట్టింది. ఏళ్లు గడిచాయి. 1937లో దిగుమతి మందులకి మాత్రం వర్తించేలా ఒక బిల్లు తెచ్చారు. ఇంట్లో తయారయ్యే కల్తీని వదిలేసి ఓడలో వచ్చేదాన్ని పట్టుకుంటే ఏం లాభమని విమర్శ వచ్చింది. అది ముందుకి సాగలేదు.

సరిగ్గా ఆ 1937లోనే అమెరికాలో ఒక ఘోరం జరిగింది. ఇన్‌స్పెక్టరు పని అంటే ఏమిటో, అది ఎంత కష్టమో తెలియాలంటే ఆ కథ వినాలి.

అప్పుడప్పుడే సల్ఫనిలమైడ్ అనే మందు కొత్తగా వచ్చింది. గొంతు పుండ్లకీ, రకరకాల చీముజబ్బులకీ బాగా పనిచేస్తోంది. మాత్రల రూపంలో, పొడి రూపంలో దొరికేది. పిల్లలు మాత్ర మింగలేరు కదా, పానకంలా వుంటే బాగుండునని అడిగేవాళ్లు వచ్చారు. టెనెసీ రాష్ట్రంలో మాసెంగిల్ అనే కంపెనీలో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడు, ఈ మందు డైఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో చక్కగా కరుగుతుందని కనిపెట్టాడు. రంగు చూశారు, వాసన చూశారు, రుచి చూశారు. రాస్‌ప్‌బెర్రీ పండు వాసన కలిపారు. తీయగా వుంది. సెప్టెంబరులో దేశమంతటా పంపేశారు. చూడనిదల్లా ఒక్కటే, అది మనిషి తాగితే ఏమవుతుందని. గ్లైకాల్ మూత్రపిండాలని చంపే విషం. అమ్మబోయే ముందు పరీక్షించి తీరాలని అప్పటి అమెరికా చట్టంలో లేదు.

అక్టోబరు నడిమికి ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా పట్నం నుంచి చావుల వార్తలు బయటికొచ్చాయి. వాటిలో ఎక్కువమంది పిల్లలు. గొంతునొప్పికి మందు తాగినవాళ్లు. మూత్రం ఆగిపోయి, వారం పదిరోజులు నరకయాతన పడి పోయారు. ఆరేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి అధ్యక్షుడు రూజ్‌వెల్టుకి వుత్తరం రాసింది. కూతురి ఫోటో కూడా జతచేసింది. ఇంకో తల్లికి ఈ గతి పట్టకుండా ఇలాంటి మందుల అమ్మకం ఆపించమని ఆ తల్లి వేడుకోలు.

ఇక ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ల పని మొదలైంది. ఇన్‌స్పెక్టర్లూ, కెమిస్టులూ కలిసి 239 మంది. ఇంచుమించు అందరూ ఈ ఒక్క పనిమీదే దేశమంతా పడ్డారు. కంపెనీ అప్పటికే షాపులకి తంతులిచ్చింది. అయితే మందు వెనక్కి పంపమని రాసిందే కాని, ప్రాణాపాయమని రాయలేదు. అధికారులు పట్టుబట్టి రెండోసారి ఆ మాటతోనే తంతులు ఇప్పించారు.

ఇన్‌స్పెక్టర్లు ఏం చేశారో చూడండి. కంపెనీ గోదాముల్లో కూచుని వేలకొద్దీ అమ్మకం చీటీలు ఒక్కొక్కటీ తిరగేశారు. చీటీ మీద పేరున్న షాపుకి వెళ్లారు. షాపువాడి దగ్గర ఎవరికి అమ్మాడో రాసి వుంటే ఆ ఇంటికి వెళ్లారు. రాసి లేకపోతే? అక్కడే వచ్చింది చిక్కు. చాలా షాపుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లకి సీసా చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకున్నారు. కొన్ని డాక్టరు చీటీల మీద రోగి పేరు కూడా లేదు. అమ్మిన వివరాలు చెప్పనని మొండికేసిన కంపెనీ ఏజెంటొకణ్ణి జైల్లో పెట్టాల్సివచ్చింది. ఒక డాక్టరైతే తన పెళ్లి వాయిదా వేసుకుని, మందు కొనుక్కుని కొండల్లోకి కాపురం మారిన ఒక కుటుంబంలోని మూడేళ్ల పిల్లవాడి కోసం అధికారి వెంట వెతుకుతూ తిరిగాడు.

తయారయింది 240 గాలన్లు. అందులో 234 గాలన్లకి పైగా వెనక్కి రాబట్టారు. మిగిలిన ఆ ఐదారు గాలన్లే, అంటే మన ఇళ్లలో నీళ్లు పట్టే ఒక పెద్ద బిందెడు మందే, 15 రాష్ట్రాల్లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇన్‌స్పెక్టర్లు అంతలా తిరక్కపోతే ఆ లెక్క ఎక్కడికి పోయేదో!

ఇందులో ఇంకో విచిత్రం వుంది. ఆ కంపెనీ మీద పెట్టగలిగిన కేసేమిటో తెలుసా? విషం అమ్మారని కాదు. అలా పెట్టడానికి చట్టంలో చోటే లేదు. ఎలిక్సిర్ అని పేరు పెడితే అందులో ఆల్కహాలు వుండాలి, ఇందులో లేదు కాబట్టి పేరు తప్పు అని కేసు! ఆ అడ్డదారి కూడా లేకపోతే సరుకు పట్టుకునే అధికారమే ఇన్‌స్పెక్టర్లకి వుండేది కాదు. కంపెనీ కొన్ని వేల డాలర్ల జరిమానా కట్టింది. మందు కలిపిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆత్మహత్య చేసుకున్నాడు. 1938 జూన్‌లో కొత్త చట్టం మీద రూజ్‌వెల్టు సంతకం చేశాడు. కొత్తమందు అమ్మేముందు అది ప్రమాదం లేనిదని రుజువు చూపించాలన్న నియమం అందులో వచ్చింది. చట్టం కన్నా ముందు చావులు వచ్చాయి. ఈ చరిత్ర చదువుతుంటే ప్రతి దేశంలోనూ ఇదే వరస కనబడుతుంది.

మన దేశంలో 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. 1945లో దాని కింద నిబంధనలు వచ్చాయి. తరవాత సౌందర్య సాధనాలు కూడా అందులో చేరాయి. మనం రాసుకునే స్నో, పౌడరు, లిప్‌స్టిక్కు కూడా ఆ చట్టం కిందివే. స్వతంత్రం వచ్చాక 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. డాక్టరు చీటీకి మందు కట్టి ఇవ్వడం రిజిస్టరు అయిన ఫార్మసిస్టు పని, ఎవరుపడితే వాళ్లు చేసేది కాదని అది చెప్పింది. చట్టం చెప్పగానే చదువుకున్నవాళ్లు ఎక్కణ్ణించి వస్తారు? దానికి పునాది ముందే పడింది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవలాల్ ష్రాఫ్‌గారు ఫార్మసీ చదువు ప్రారంభించారు. మన తెలుగునాట వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఆ శాఖ వెలిసింది. ఇవాళ మన ఇళ్లలో ఆడపిల్లలు ఎంతమందో బి.ఫార్మసీ చదువుతున్నారు. వాళ్లలో కొందరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కూడా అవుతున్నారు.

సరే, ఇన్‌స్పెక్టరు షాపుకి వచ్చి ఏం చేస్తాడు? ముందు గోడమీద లైసెన్సు చూస్తాడు. అది లేకుండా మందులమ్మడమే నేరం. ఫార్మసిస్టు ఎవరు, సర్టిఫికెట్టు గోడకి వేలాడుతుంటే చాలదు, మనిషి వున్నాడా అని అడుగుతాడు. చల్లగా వుంచాల్సిన ఇన్సులిను, టీకాలు ఫ్రిజ్‌లో వున్నాయా, ఆ ఫ్రిజ్ నడుస్తోందా చూస్తాడు. గడువు దాటిన సరుకు అమ్మే సరుకుతో కలిసి వుందా చూస్తాడు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందుల లెక్క చూస్తాడు. 2014 నుంచి కొన్ని గట్టి యాంటీబయాటిక్కులకీ, క్షయ మందులకీ, మత్తుకి అలవాటు చేసే మందులకీ వేరే రిజిస్టరు పెట్టి, రోగి పేరూ డాక్టరు పేరూ ఎంత ఇచ్చిందీ రాయాలన్న నియమం వచ్చింది. షాపువాడు చీటీ అడిగితే మనం విసుక్కుంటాం. పాపం, అడిగినవాడే నియమం పాటిస్తున్నవాడు.

అనుమానం వచ్చినా, రాకపోయినా, ఇన్‌స్పెక్టరు శాంపిలు తీయవచ్చు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. వూరికే లాక్కుపోవడానికి వీల్లేదు. సరసమైన ధర ఇవ్వజూపాలి, ఎందుకు తీస్తున్నాడో కాగితంమీద రాసి ఇవ్వాలి. షాపులో తీసిన శాంపిలుని షాపువాడి ఎదటే నాలుగు భాగాలు చేసి, లక్కముద్ర వేయాలి. షాపువాడు కావాలంటే తన ముద్ర కూడా వేసుకోవచ్చు. ఒక భాగం షాపువాడికే. ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షకి. ఒకటి కోర్టుకి. నాలుగోది తయారుచేసిన కంపెనీకి. రేపు కోర్టులో "మా సరుకు కాదు, మీరే ఏదో కలిపారు" అని ఎవరూ అనడానికి లేకుండా నలుగురి దగ్గరా ఒకటే సాక్ష్యం వుంటుంది. పరీక్షాఫలితం మీద నమ్మకం లేకపోతే 28 రోజుల్లోగా చెప్పుకోవచ్చు. అప్పుడు కోర్టు దగ్గరున్న భాగం కలకత్తాలోని కేంద్ర ప్రయోగశాలకి వెళ్లవచ్చు. ఇన్‌స్పెక్టరుకి అధికారమూ వుంది, ఆ అధికారానికి కళ్లెమూ వుంది.

శాంపిలు చెడ్డదని తేలితే ఇన్‌స్పెక్టరు షాపువాణ్ణి మొదట అడిగే ప్రశ్న, ఈ సరుకు నీకెవరిచ్చారని. పేరూ చిరునామా చెప్పి తీరాలని చట్టం. లైసెన్సున్న డీలరు దగ్గరే కొన్నాను, కొన్నది కొన్నట్టే జాగ్రత్తగా వుంచాను, చెడ్డదని నాకు తెలియదు, ఇదుగో బిల్లు అని చూపించగలిగిన షాపువాడికి చట్టం రక్షణ ఇస్తుంది. బిల్లు లేనివాడు దొరికిపోతాడు. అక్కణ్ణించి డీలరు, డీలరు నుంచి పెద్ద డీలరు, అతని నుంచి ఫ్యాక్టరీ. 1937లో అమెరికా ఇన్‌స్పెక్టర్లు చీటీల వెంబడి ఇళ్లకి దిగివచ్చారు. ఇక్కడ బిల్లుల వెంబడి ఫ్యాక్టరీకి ఎక్కుతారు. ఎటు నడిచినా కాగితమే దారి.

ఇంత చక్కని ఏర్పాటు వుంటే మరి చావులెందుకు జరుగుతున్నాయి అంటారా? అడగాల్సిన ప్రశ్నే.

1986 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో 14 మంది రోగులు చనిపోయారు. వాళ్లకి ఇచ్చింది గ్లిజరిను. అందులో వున్నది అదే డైఎథిలీన్ గ్లైకాల్. దాదాపు యాభై ఏళ్ల తరవాత, అదే విషం! న్యాయమూర్తి లెంటిన్‌గారి కమిషన్ విచారణ జరిపి, ఆస్పత్రిలో కొనుగోళ్ల దగ్గరనుంచి, మందుల నియంత్రణ శాఖ వరకూ, మంత్రుల వరకూ ఎవరెవరి తప్పెంతో మొహమాటం లేకుండా రాశారు. చట్టం అప్పటికి నలభయ్యారేళ్లది. అమలు చేసేవాళ్లు కళ్లు మూసుకుంటే చట్టం పుస్తకంలోనే వుంటుంది. 1998లో ఢిల్లీ దగ్గర గుర్‌గావ్‌లో, 2020లో జమ్మూ ప్రాంతం రామ్‌నగర్‌లో మళ్లీ అదే విషం పసిపిల్లల్ని తీసుకుపోయింది. గ్లిజరిను, ప్రొపిలీన్ గ్లైకాల్ మందుకి వాడదగ్గవి. ఫ్యాక్టరీ పనులకి వాడే చవక రకం గాని, కల్తీ అయినది గాని వాటి స్థానంలో వస్తే ఇలా అవుతుంది. రెండూ చూడ్డానికి ఒకటే, చిక్కగా, తీయగా వుంటాయి. పీపా వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో ఒక్క పరీక్ష చేస్తే తేలిపోతుంది.

2003లో మాషేల్కర్‌గారి అధ్యక్షతన వేసిన సంఘం, ప్రతి 200 మందుల షాపులకీ ఒక ఇన్‌స్పెక్టరు, ప్రతి 50 ఫ్యాక్టరీలకీ ఒక ఇన్‌స్పెక్టరు వుండాలని చెప్పింది. అంటే షాపులు చూసే ఒక్క మనిషి మీద 200 షాపుల బాధ్యత. ఇదీ ఎక్కువ అడిగినట్టు కాదు. 2008లో చట్టాన్ని ఇంకా కఠినం చేశారు. నకిలీ మందు వల్ల మనిషి చనిపోతే కనీసం పదేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు.

ఇక 2025 సంగతి. చింద్వాడాలో పిల్లలు తాగిన ఆ మందు తమిళనాడులో కాంచీపురం జిల్లాలో తయారైంది. అక్టోబరు 1న కబురందగానే తమిళనాడు ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వెళ్లి శాంపిళ్లు తీశారు. ఒకటి రెండు రోజుల్లోనే ఫలితం వచ్చింది. వుండదగ్గ గ్లైకాల్ నూటికి 0.1 పాలు మించకూడదు. ఆ మందులో వున్నది నూటికి 48.6 పాలు! ఇంచుమించు సగం సీసా విషమే. బ్యాచ్ నంబరు తెలిసింది కాబట్టి రాష్ట్రాలన్నిటికీ కబురు వెళ్లింది. తెలంగాణలో కూడా మందుల నియంత్రణ శాఖ ఆ బ్యాచ్ వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది. కంపెనీ యజమానిని అరెస్టు చేశారు, లైసెన్సు రద్దు చేశారు, తనిఖీ చేయాల్సిన అధికారుల్లో కొందర్ని సస్పెండు చేశారు. ఇరవైమందికి పైగా పసిపిల్లలు పోయాక.

ఒక్క రోజులో పరీక్ష చేయగలిగిన చేతులే అంతకుముందు ఆ ఫ్యాక్టరీ తలుపు తట్టి వుంటే? ఆ తల్లులు అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలు. మనం బిల్లులు దాచుకున్నంత మాత్రాన తనిఖీ చేయనివాడి తప్పు తీరిపోదు. అది ముందుగా చెప్పి తరవాత మన సంగతి చెబుతాను.

ఫ్యాక్టరీ నుంచి మన వీధి షాపు దాకా కాగితం దారి వుందని చెప్పాను కదా. షాపు నుంచి మన ఇంటిదాకా వున్న ఆఖరి అంగకి కాగితం ఏది? మనం అడిగి తీసుకునే బిల్లు. అందులో మందు పేరూ, బ్యాచ్ నంబరూ, గడువూ, తేదీ వుంటాయి. ఆ బిల్లు లేకపోతే, ఒక బ్యాచ్ చెడ్డదని రేపు పేపర్లో పడ్డప్పుడు మన ఇంట్లో సీసా అందులోదో కాదో మనకీ తెలియదు, ఇన్‌స్పెక్టరుకీ తెలియదు. ఫలానా షాపులో కొన్నామని ఫిర్యాదు చేయబోతే, మా దగ్గర కొనలేదని షాపువాడు అంటే అంతే సంగతులు. బిల్లు ఇవ్వకుండా అమ్మే షాపువాడికి ఇంకో లాభం కూడా వుంది. ఎక్కణ్ణించో బిల్లు లేకుండా వచ్చిన సరుకుని అతను అమ్మగలిగేది బిల్లు అడగని మనలాంటి వాళ్లకే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి చెబుతాను. కొన్న మందుమీద అనుమానం వస్తే, దాన్ని ప్రభుత్వ ప్రయోగశాలకి పరీక్షకి పంపించుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఆ చట్టమే ఇచ్చింది. దరఖాస్తు పెట్టి, నిర్ణయించిన రుసుము కట్టాలి. నివేదిక మన పేరుమీదే ఇస్తారు. 1986లో గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘాలకి కూడా ఆ హక్కు వచ్చింది. అంత దూరం పోలేమనుకుంటే జిల్లాలోని డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి బిల్లూ, మిగిలిన మందుతో సహా సీసా పట్టుకెళ్లి ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు. భయపడి సీసా పారేయకూడదు. మేం చేసిన తప్పు అదే. సీసా పారేసి చేతులు కడుక్కున్నాం, సాక్ష్యం కూడా దాంతోపాటే పోయింది.

ఆ తరవాత మా ఇంట్లో ఏం చేశామంటే, ఒక పాత చాక్లెట్ డబ్బా తీసి మందుల బిల్లులన్నీ అందులో వేయడం మొదలుపెట్టాం. సీసా కొనగానే కోడలు లేబులు మీద పారదర్శకమైన టేపు అంటిస్తుంది, మందు ఒలికినా అక్షరాలు చెరగకుండా. ఆ మధ్య వీధి చివరి షాపుకి వెళ్లి బిల్లు అడిగాను. "యాభై రూపాయల మందుకి బిల్లేమిటమ్మా" అన్నాడు కుర్రాడు. "ఇస్తేనే తీసుకుంటాను నాయనా" అన్నాను. వెనక నిలబడ్డ ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా "మాకూ ఇవ్వు" అన్నారు. కుర్రాడు గొణుక్కుంటూనే మిషను నొక్కాడు. చిన్న కాగితం ముక్క బయటికొచ్చింది. దానిమీద బ్యాచ్ నంబరు వుంది.

మా అమ్మకి ఆ సీసా పక్కన కాగితపు గాట్లు ఎంత నమ్మకమో, ఈ కాలానికి మనకి ఈ కాగితం అంత. ఈసారి మందు కొన్నప్పుడు అడిగి చూడండి.